అవ్వను ‘మీరు’ అన్న జాబులు

మిలిటరీలో ఏం చేశావని ఎవరడిగినా ఇన్నేళ్లూ నేను చలి గురించే చెబుతూ వచ్చాను. బకెట్లో గడ్డకట్టిన నీళ్లను గొడ్డలితో పగలగొట్టుకోవడం, మూడు జతల మేజోళ్లు వేసుకున్నా కాలివేళ్లు మొద్దుబారడం, మీసం మీద మంచు. అవన్నీ నిజాలే. కాని ఆ చలిలో నేను కూర్చున్నది ఇనుప పొయ్యి వెలిగించిన గదిలో, బల్ల ముందు, పెన్ను పట్టుకొని. నేను క్లర్కును. పదిహేనేళ్ల సర్వీసులో తుపాకీ పేల్చింది ఏడాదికోసారి, అదీ లెక్క ప్రకారం పేల్చాలి కాబట్టి. ఈ సంగతి మా వాడలో చాలామందికి తెలియదు. నేనూ తెలియనివ్వలేదు.

ఇప్పుడు ఫౌజులో చేరాలని తెల్లారకముందే లేచి పరుగులు తీస్తున్న పిల్లలు నా దగ్గరికి వస్తున్నారు. ఛాతీ కొలత ఎంతుండాలి, పరీక్షలో ఏమడుగుతారు అని అడిగి, చివరికి “మిలిటరీకి పోతే మనిషి మారుతడా తాతా” అంటారు. మారతాడు. ఎట్లా మారతాడో నాకు దగ్గరగా తెలిసిన ఒక మనిషిని గురించి రాస్తాను. ఆ మనిషిని నేనే. ఇందులో శత్రువు లేడు, యుద్ధం లేదు. ఒక వంటవాడు, అవ్వ అని అతను పిలుచుకునే వాళ్లమ్మ, నేను. అంతే.

మాది ఓరుగల్లులో కొత్తవాడ. నాయన, అన్నలిద్దరూ గుంటమగ్గం మీద జంపఖానాలు నేసేవాళ్లు. తొమ్మిదో తరగతిలో నేను బడి మాని మగ్గం గుంటలో దిగాను. కాని సాయంత్రం కాగానే లైబ్రరీకి పోయేవాణ్ని. చేతులకు అంటిన రంగు పుస్తకాలకు అంటుతుందని లైబ్రేరియన్ గారు గుమ్మం దగ్గరే అరచేతులు చూసేవారు. అందుకని బావి దగ్గర ఇటుక పొడితో తోలు లేచేదాకా రుద్దుకొని పోయేవాణ్ని. అక్కడ నాకు దారి చూపేవాళ్లు లేరు. మొదటి బీరువా పై అరలో ఎడమ చివరి పుస్తకంతో మొదలుపెట్టి వరసగా చదువుకుంటూ పోయాను. ఆయుర్వేదమైనా, రాజుల చరిత్రైనా, ఛందస్సైనా ఒకటే. అర్థంకాని సమాసం కనిపిస్తే నోటుబుక్కులో ఎక్కించేవాణ్ని. నాలుగేళ్లలో మూడు బీరువాలు, పదకొండు నోటుబుక్కులు అయ్యాయి. మెట్రిక్ ప్రైవేటుగా కట్టి పాసయ్యాను. ఆ నోటుబుక్కులను నేను ఎంత గర్వంగా చూసుకున్నానో నా పెళ్లి ఫొటోను కూడా అంత గర్వంగా చూసుకోలేదు.

బంగ్లాదేశ్ యుద్ధం అయిన మరుసటి ఏడు మా ఊళ్లో మిలిటరీ భర్తీ జరిగింది. మెట్రిక్ చదివినవాళ్లకు క్లర్కు పోస్టులున్నాయని పేపర్లో చూసి పోయాను. అందరికీ దేశం కోసం పోతున్నానని చెప్పాను. లైబ్రరీలో ఆ మాటకు చప్పట్లు కూడా కొట్టారు. అసలు కారణం వేరే. గుంటలో కూర్చొని ఉంటే దారిన పోయేవాళ్ల కాళ్లే కనిపిస్తాయి. నేను ఆ కాళ్లు చూసీ చూసీ విసిగిపోయాను. మూడు బీరువాలు చదివినవాణ్ని ఒరే అని పిలిచేవాళ్లే గాని సార్ అనేవాళ్లు లేరు.

సెలెక్షన్ కాగితం చూపిస్తే నాయన మగ్గం ఆపకుండానే అన్నాడు: “ఈ గుంత లోతయిందా బిడ్డా నీకు? ఆడ తవ్విచ్చేటియి ఇంక లోతుంటయట.”

అన్నలు నవ్వారు. నేను నవ్వలేదు. ఇట్లాంటి మోటు మాటల మధ్య నుంచి బయటపడుతున్నానని అనుకున్నాను. నాయన మాట్లాడే తెలుగు విని సిగ్గుపడటం నాకు అప్పటికే అలవాటయింది. ఈ కథలో తప్పు ఎక్కడ మొదలైందని వెతికితే నాకు అక్కడే దొరుకుతుంది.

ట్రైనింగు సంగతి వదిలేస్తాను. అది అందరికీ ఒకటే. నాలుగో ఏడు నన్ను ఉత్తరాన ఒక కొండ ప్రాంతపు యూనిట్‌లో వేశారు. అక్కడ తెలుగువాళ్లం ఇద్దరమే. రెండో మనిషి లంగరులో, అంటే యూనిట్ వంటశాలలో, వంటవాడు. ములుగు నుంచి అడవిలోకి ఆరేడు మైళ్లు నడిస్తే వచ్చే ఒక చిన్న ఊరు ఆయనది. నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్ద. నా యాస వినగానే చేతిలో గరిటె అట్లాగే పట్టుకొని వచ్చి, “మనోడివా తమ్మీ? ఏ ఊరు?” అన్నాడు. ఓరుగల్లు అని చెప్పాను. ఆ రోజు నుంచి నా పళ్లెంలోకి రొట్టెలు పొయ్యి మీది నుంచి నేరుగా వచ్చేవి. ఎక్కడి నుంచి సంపాదించేవాడో, నెలకోసారి నాకోసం కాస్త చింతపండు పులుసు కాచేవాడు. నేను అన్నా అని పిలిచేవాణ్ని.

ఆయనకు సంతకం తప్ప చదువు లేదు. ఊళ్లో తల్లి ఒక్కతే. అంతకుముందు జాబులు ఎవరు రాసేవాళ్లని అడిగితే, ఒక కడప సిపాయి రాసేవాడనీ, ఆయన బదిలీ అయి పోయాడనీ చెప్పాడు. ఇక నేను రాస్తానన్నాను. ఆయన సంతోషం చెప్పలేను.

మొదటి ఆదివారం నా బల్ల ముందు పీట వేసుకొని కూర్చొని చెప్పాడు: “అవ్వా, నేను మంచిగున్న. నువ్వెట్లున్నవే? మోకాళ్ల నొప్పులు జర తగ్గినయా? కట్టెలకు పోకు, పడ్తవు. ఎర్రావు ఈనిందా? పెయ్యా, కోడెనా? ఈడ సలి బాగున్నది గని నేను పొయ్యికాడనే ఉంట గద, నా ఫికర్ చెయ్యకు.”

నేను రాసింది ఇది: “పరమ పూజ్యులైన మాతృశ్రీ గారి పాదపద్మములకు తమ కుమారుడు సహస్ర నమస్కారములు చేసి వ్రాసుకొను విన్నపము. ఇచ్చట నేను క్షేమము. మీ క్షేమ సమాచారములు సవిస్తరముగా తెలియజేయగోరెదను. ఇచ్చటి హిమపాతము దుర్భరమైనను దేశమాత సేవలో నాకు అది తోచుట లేదు. మీరు శరీరమును శ్రమపెట్టుకొనవలదు.”

పదకొండు నోటుబుక్కుల సరుకు దిగుమతి చేయడానికి నాకు అన్నాళ్లకు ఒక చోటు దొరికింది. ఆవు సంగతి వదిలేశాను. మాతృశ్రీ, దేశమాత ఉన్న చోట ఎర్రావు ఎట్లా కట్టేయాలో నాకు తోచలేదు.

చదివి వినిపిస్తే ఆయన నోరు తెరుచుకొని విన్నాడు. “గింత మంచిగ నేను మాట్లాడితినా?” అని నవ్వాడు. తర్వాత “మా అవ్వకు సమజైతదా తమ్మీ?” అన్నాడు. చదివి చెప్పేవాళ్లు చెబుతారులే, జాబంటే ఒక పద్ధతి ఉంటుందని నేను చెప్పాను. చదువుకున్నవాడిని కదా, ఆయన ఒప్పుకున్నాడు.

అట్లా ఏడెనిమిది జాబులు పోయాయి. ప్రతి దాంట్లోనూ ఆ తల్లి నాకు ‘మీరు’, ‘తమరు’. మన దిక్కు ఏ కొడుకూ అవ్వను మీరు అనడు. నేను మా అమ్మను ఎన్నడూ అనలేదు. కాని కాగితం మీద నువ్వు అని రాయడానికి నా చేయి రాలేదు.

ఆమె జవాబులు ఆ ఊరి బడిపంతులు రాసేవాడు. ఆమె ఎట్లా చెబితే అట్లాగే, అచ్చం ఆమె నోటిలో నుంచి వచ్చినట్టే రాసేవాడు. అవి చూసి, పంతులై ఉండి ఈ రాత ఏమిటని నేను లోపల ఎగతాళి చేసుకునేవాణ్ని. అయిదో జాబుకు వచ్చిన జవాబు నేను ఆయనకు చదివి వినిపిస్తుండగా మధ్యలో ఈ మాటలు కనిపించాయి: “ఈ రాసెటాయన ఎవరు బిడ్డా? ఎర్రావు ముచ్చట అడుగవైతివి. నా మోకాళ్లు అడుగవైతివి. నన్ను మీరు అనవడ్తివి. నువ్వు ఉంటె నీ నోటితోని రాయించు.”

నేను ఆ అయిదు వాక్యాలూ చదవలేదు. కన్ను వాటి మీదుగా జరిపి, కింద ఉన్న వానల సంగతి అందుకున్నాను. ఒక పల్లెటూరి ముసలామె నా రాతకు వంక పెట్టడమేమిటని మనసులో కోపం వచ్చింది. ఆయన ఎదురుగా కూర్చొని, నేను చదివిందే మొత్తం అనుకొని తలూపుతున్నాడు. ఆ తర్వాత రెండు జాబులు అంతకంటే గట్టి తెలుగులో రాశాను.

ఆపైన ఆమె నుంచి జవాబులు రావడం ఆగిపోయింది.

ఆ చలికాలం నాకు రెండు నెలల సెలవు దొరికింది. అది తెలిసి ఆయన ఒక ఎర్ర మఫ్లరు తెచ్చి ఇచ్చాడు. కొత్తది కాదు, మూడేళ్లుగా ఆయన మెడకు ఉన్నదే. “హన్మకొండల బస్సెక్కితె ములుగు ఎంతసేపు తమ్మీ. ఆడి నుంచి నడువవడ్తది, జర తక్లీఫే. ఒక్కపారి పొయ్యి అవ్వకు మొఖం చూపెట్టు. జాబు ఎందుకు బందు వెట్టిందో అడుగు. ఇది చేతికియ్యి. నా చెమట వాసనకు గుర్తువడ్తది.” తప్పకుండా పోతానన్నాను. అప్పుడు నిజంగానే పోదామనుకున్నాను.

మా వాడలో దిగాక సంగతి వేరయింది. నేను యూనిఫారంలో దిగాను, అవసరం లేకపోయినా. బజారులో షాపులవాళ్లు కుర్చీ వేసి చాయ్ తెప్పించారు. లైబ్రరీలో నా గౌరవార్థం సభ పెట్టారు. ఒకప్పుడు నా అరచేతులు చూసిన లైబ్రేరియన్ గారే దండ వేశారు. నేను గంటసేపు మాట్లాడాను. సరిహద్దులో మంచులో నిలబడి కాపలా కాసే సిపాయి గురించి చెప్పాను. ఆ సిపాయిని నేనే అని ఎక్కడా అనలేదు. కాదని కూడా అనలేదు. సభ బాగా జరిగిందని ఇంకో సంఘంవాళ్లు పిలిచారు. తర్వాత ఒక బడివాళ్లు. రేపు పోదాం ములుగుకు, ఎల్లుండి పోదాం అనుకుంటుండగానే రైలెక్కే రోజు వచ్చింది.

ముందురోజు మఫ్లరు ట్రంకు పెట్టెలో కనిపించింది. దాన్ని బట్టలో కుట్టి పార్సిలు చేశాను. లోపల ఒక జాబు పెట్టాను: “మీ కుమారుని తాలూకు ఈ వస్త్రమును మీకు అందజేయవలసినదిగా నాకు అప్పగింపబడినది. స్వయముగా వచ్చుటకు అవకాశము లేక తపాలా ద్వారా పంపుచున్నాను. మీ వంటి వీరమాతకు నా వందనములు.”

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. సర్వీసులో ఉన్నవాడు చనిపోతే అతని బట్టలూ సామానూ లిస్టు రాసి, మూట కట్టి, ఇంటికి పంపుతారు. వెంట ఒక గౌరవమైన ఉత్తరం పోతుంది. అంతకు ముందు ఏడే లారీ బోల్తాపడి పోయిన ఒక డ్రైవరు సామాను లిస్టు రాసింది నేను. ఆ పద్ధతి తెలిసినవాడు మా ఊరు మొత్తంలో నాకంటే ఎవరూ ఉండరు. ఆ పార్సిలు మీద సీలు పడేటప్పుడు కూడా నాకు అది తట్టలేదు. మనసంతా వీరమాత అనే మాట కుదిరిన సంబరంలో ఉంది.

యూనిట్‌కు తిరిగి వచ్చేసరికి ఆయన గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. లంగరు పని మధ్యలో వదిలేసి వచ్చాడు, చేతులకు పిండి. ఏమన్నది అవ్వ అని అడిగాడు.

పోలేదని చెప్పడానికి నాకు ఒక్క క్షణం ఉండింది. “మంచిగున్నదన్నా. మఫ్లరు చూసి సంబురపడ్డది,” అన్నాను.

“మోకాళ్లు?”

“నడుస్తాంది.”

“ఏం పెట్టింది నీకు?”

ఒక అబద్ధం ఆడినవాడికి రెండోది సులభంగానే వస్తుంది. ఆయన అప్పుడప్పుడు తలుచుకునే కూర ఒకటి గుర్తొచ్చింది. “లేత చింతచిగురు పప్పు. ఇంకింత ఇంకింత అని ఏసింది,” అన్నాను.

ఆయన నా ముఖం చూశాడు. మంచిదన్నాడు. నా ట్రంకు పెట్టె ఎత్తి భుజాన పెట్టుకొని బ్యారక్ దాకా మోసుకొచ్చి, పొయ్యి దగ్గరికి వెళ్లిపోయాడు.

మర్నాడే సెలవు అర్జీ తెచ్చాడు. హిందీ అర్జీలు రాసిపెట్టే ఇంకొకరితో రాయించుకొని వచ్చాడు. నన్ను అడగలేదు. సెలవు అర్జీలు నా బల్ల మీదికే వస్తాయి, నేను రిజిస్టరులో ఎక్కించి హెడ్‌క్లర్కు హవల్దారు ముందు పెట్టాలి. ఆయన ఊరికి పోతే నేను పోలేదని తెలుస్తుంది. అది ఒక్కటే నాకు కనిపించింది. అర్జీని సొరుగులో, పాత కాగితాల కింద పెట్టాను. చింపలేదు. చింపితే తప్పవుతుంది, కింద పెడితే ఆలస్యం అవుతుంది. ఈ తేడా నాకు మిలిటరీ నేర్పిన విద్య. మనిషిని నిటారుగా నిలబెడతారని అంటారే, నిజమే, మైదానంలో నిలబెడతారు. బల్ల వెనక కూర్చున్నవాణ్ని చూడటానికి ఎవరూ రారు.

వారానికొకసారి వచ్చి నిలబడేవాడు. పై సాబ్ దగ్గర ఉందన్నా అనేవాణ్ని. సరే తమ్మీ అని పోయేవాడు. వేరే దిక్కు లేక ఆ నెలల్లో అవ్వకు రెండు జాబులు నాతోనే రాయించాడు, అవీ అదే తెలుగులో పోయాయి. రొట్టెలు మాత్రం పొయ్యి మీది నుంచి నేరుగానే వచ్చేవి. వాటిని తినేవాణ్ని కూడా.

అట్లా రెండు నెలలు దాటింది. ఒక రోజు పొద్దున పదకొండింటికి మేజర్ సాబ్ గదికి రమ్మని పిలుపు వచ్చింది. పోయి చూస్తే హెడ్‌క్లర్కు అక్కడే ఉన్నాడు. వంటవాడు గోడ దగ్గర అటెన్షన్‌లో నిలబడి ఉన్నాడు. బల్ల మీద ఒక కవరు. పైన ఇంగ్లీషులో కమాండింగ్ ఆఫీసరుకు అని, కింద వంటవాడి నంబరు, పేరు. లోపల తెలుగు. యూనిట్‌లో తెలుగు చదవగలిగేది నేనొక్కణ్నే కాబట్టి చదివి హిందీలో చెప్పమన్నారు.

బడిపంతులు చేతిరాత గుర్తుపట్టాను. మొదటి నాలుగు పంక్తులు కళ్లతో చదివి ఆగిపోయాను. తలెత్తి, ఈయన తల్లి ముసలిది సాబ్, కొడుకును చూడాలని రాసింది అని హిందీలో చెప్పాను. సాబ్ కాగితం వైపు చూశాడు. రెండు పేజీలు నిండా ఉంది, నేను చెప్పింది ఒక్క ముక్క.

వంటవాడు సాబ్‌ను అనుమతి అడగలేదు. కదలకుండానే అన్నాడు: “మొత్తం సదువు తమ్మీ. తెలుగులనే సదువు. సాబ్‌కు తర్వాత చెప్పు.”

చదివాను. అందులో ఉన్నది ఇది.

“పెద్ద సారుకు దండం. నా కొడుకు మీకాడ వంట చేసెటోడు. వాడు పోయిండని నాకెరుకే. మా పక్కూరోని కొడుకు లడాయిల పోతె ముందుగాల పెద్ద తెలుగుల జాబొచ్చింది, ఎనుక బట్టలొచ్చినయి. నాకు గట్లనే వచ్చినయి. మెడగుడ్డ వచ్చినంక దినాలు చేసిన. ఎర్రావును దానమిచ్చిన. వాని పేరు మీద జాబులు రాసే సారుకు ఇగ రాయొద్దని చెప్పుండ్రి. నా కొడుకు నన్ను మీరు అనడు. ఆయన రాసినప్పుడల్ల నా కొడుకు మల్లొకపారి పోతాండు. వాన్ని బొందవెట్టిండ్రా, కాలవెట్టిండ్రా, ఏ జాగల, గంతమట్టుకు చెప్పుండ్రి. ఇంకేమడుగ.”

రెండో పేజీలో ఊరి గుర్తులు, పోస్టాఫీసు, సాక్షుల వేలిముద్రలు ఉన్నాయి. అవి కూడా చదివాను. నిలిపే ధైర్యం లేక చదివాను.

తర్వాత హిందీలో చెప్పాల్సి వచ్చింది. మీరు అనే మాటను, నువ్వు అనే మాటను సాబ్‌కు అర్థమయ్యేట్టు చెప్పడానికి నేను ఇబ్బంది పడలేదు, హిందీలో కూడా ఆ రెండూ ఉన్నాయి. ఆ జాబులు ఎవరు రాశారని సాబ్ అడిగాడు. నేనే సాబ్ అన్నాను. సెలవు అడగలేదా అని వంటవాణ్ని అడిగాడు. ఫిబ్రవరిలో అడిగానని ఆయన చెప్పాడు. హెడ్‌క్లర్కు బయటికి వెళ్లి, నా సొరుగులో నుంచి అర్జీని తెచ్చి బల్ల మీద పెట్టాడు. దాని మీద నా చాయ్ గ్లాసు అడుగు ముద్ర గుండ్రంగా పడి ఉంది.

ఆయనకు అప్పటికప్పుడే సెలవు రాశారు. కొడుకు బతికే ఉన్నాడని, వస్తున్నాడని టెలిగ్రాం కొట్టించారు. ఇంగ్లీషు టెలిగ్రాం ఆ ఊరికి పోయి, దాన్ని చదివేవాళ్లు దొరికేలోపు ఆయనే చేరతాడని అందరికీ తెలుసు. నాకు పడ్డ శిక్ష చిన్నది. వీపు మీద బరువుతో పద్నాలుగు రోజులు మైదానం చుట్టూ పరుగు, రెండేళ్లు ప్రమోషన్ వెనక్కి. అది చాలదని నాకే అనిపించింది, కాని అడిగి ఎక్కువ వేయించుకునేంత నిజాయితీ లేదు.

మధ్యాహ్నం లంగరు వెనక గదిలో ఆయన సామాను సర్దుకుంటుంటే పోయి గుమ్మంలో నిలబడ్డాను. ఏం మాట్లాడాలో ముందే అనుకొని పోయాను. క్షమాపణకు కూడా నా దగ్గర మంచి మాటలు చాలా ఉన్నాయి. ఆయన హోల్డాలు పట్టీ బిగిస్తూ తలెత్తకుండానే అన్నాడు:

“పుష్యంల చింతచిగురు ఏడ దొరుకుతది తమ్మీ?”

నాకు వెంటనే అర్థం కాలేదు.

“పుష్యంల మా తాన ఏ ఇంట్ల చూసినా అనపకాయలే ఉడుకుతయి. చిగురు రావాల్నంటె ఎండలు ముదరాలె. నేను వంటోణ్ని గద. నువ్వు పోలేదని గేటుకాడనే సమజైంది.”

“మరి అప్పుడే అడగకపోతివేందన్నా?”

“అడిగితె ఇంకో కూర పేరు చెప్తవు. నాకు కూరలు గావాల్నా, అవ్వ గావాల్నా?” అన్నాడు. పట్టీ బిగించి లేచాడు. “అర్జీ సొరుగులున్నదని మట్టుకు ఎరుక లేదు. గంత చేస్తవనుకోలే.”

హోల్డాలు నేను ఎత్తబోతే తనే భుజానికి ఎత్తుకొని పోయాడు. మూడు బీరువాల్లో చింతచిగురు ఏ నెలలో వస్తుందో చెప్పిన పుస్తకం ఉండే ఉంటుంది. నేను చదవలేదో, చదివి మరిచిపోయానో.

రెండు నెలల తర్వాత ఆయన తిరిగి వచ్చాడు. లంగరులో అందరూ చుట్టూ చేరితే నవ్వుతూ చెప్పాడు. ఆయన్ను చూడగానే తల్లి తలుపు వేసుకుందట. బయట నిలబడి ఎంత పిలిచినా తీయలేదట. చివరికి విసుగొచ్చి, ముసల్దానా, బువ్వ పెడ్తవా, నేనే వండుకోవాల్నా అంటే అప్పుడు గడియ తీసిందట. దినాలు అయిపోయిన మనిషి మళ్లీ ఇంట్లో అడుగు పెట్టాలంటే కొత్తగా పుట్టాలని కులపెద్దలు అన్నారట. పంచె కొసలు నలుగురు పట్టుకొని, మీసాలున్న మనిషిని అందులో కూర్చోబెట్టి తొట్టెల ఊపినట్టు ఊపి, తల్లే ఆయన చెవిలో కొత్త పేరు చెప్పిందట. పంచె చిరిగి కింద పడ్డానని ఆయన చెబితే పంజాబీలు, బీహారీలు కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు. నేను వెనక నిలబడి నవ్వినట్టు ముఖం పెట్టాను.

అందరూ పోయాక దగ్గరికి పోయి, కొత్త పేరేమిటన్నా, రికార్డులో మార్పించే పద్ధతి ఉంటుంది, కాగితాలన్నీ నేను చేసిపెడతాను అన్నాను. నిజంగానే చేసిపెట్టాలనుకున్నాను. చేయగలిగింది అదొక్కటే అనిపించింది.

ఆయన గిన్నె తోముతూ చెప్పాడు, కోపంగా కాదు, ఉప్పు తక్కువైందని చెప్పినట్టు: “వద్దు తమ్మీ. దఫ్తర్ల పాతదే ఉండనీ. ఆ పేరున్నోడు నీ చేతుల పోయిండు. వాన్ని నువ్వే ఉంచుకో.”

ఇంకా మూడేళ్లు ఒకే యూనిట్‌లో ఉన్నాం. ప్రతి నెలా జీతాల రోల్ మీద ఆ పాత పేరు నా చేత్తోనే రాశాను. పళ్లెంలో రొట్టెలు అందరితో పాటు వచ్చేవి, అందరికీ ఎంత వేడో నాకూ అంతే. ఆయన నాతో మాట్లాడటం మానలేదు. తమ్మీ అనడం కూడా మానలేదు. మానితే నాకు సులభంగా ఉండేది.

సెలవు నుంచి వస్తూ బడిపంతులు దగ్గర ఒకటో తరగతి వాచకం తెచ్చుకున్నాడు. మధ్యాహ్నం పొయ్యిలు చల్లారాక బియ్యం బస్తా మీద కూర్చొని దాన్ని ముందేసుకునేవాడు. గుణింతాల దగ్గర ఆగిపోవడం నాకు దూరం నుంచి కనిపించేది. నేనున్నానని తెలుసు, నూరడుగుల దూరంలో నా బల్ల ఉందని తెలుసు. ఒక్క అక్షరం కూడా వచ్చి అడగలేదు.

ఏడాది తిరగకముందే ఆయనకు తల్లి జాబులు కొత్త పేరు మీద రావడం మొదలయింది. టపా పంచేటప్పుడు పేరు పిలిచి ఇవ్వడం నా పని. మొదటిసారి ఆ కవరు చేతిలోకి వచ్చినప్పుడు, ఇది ఎవరిదని పక్కవాడు అడిగాడు. బడిపంతులు చేతిరాత చూసి, మన లంగరుదే అన్నాను. కాని ఆ పేరు పైకి పిలవలేకపోయాను. నాకు చెప్పని పేరు అది. అందరి జాబులూ పంచేశాక, దాన్ని పట్టుకొని లంగరుకు పోయి బల్ల మీద పెట్టి వచ్చేవాణ్ని.

వచ్చేవాణ్ని అంటే, గుమ్మం దాకా వచ్చి ఆగేవాణ్ని. ఆయన చేతులు తుడుచుకొని కవరు విప్పి, ఒక్కొక్క అక్షరం కింద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదువుకునేవాడు. ఒక పేజీకి అరగంట పట్టేది. ఒకచోట వేలు చాలాసేపు ఆగిపోయేది, ముందుకు పోయేది కాదు. ఏదో ఒత్తు దగ్గర తడబడుతున్నాడని తెలుస్తూనే ఉండేది. పిలుస్తాడేమోనని నిలబడేవాణ్ని.

వేలు మెల్లగా కదిలేది. ఆయన చదువుకుంటూ ముందుకు పోయేవాడు.